కాఫీకి వచ్చినవాళ్ల సంతకాలు

ఉదయం ఎనిమిదిన్నరకు, అందరూ మైక్రాన్ అని పిలిచే మాస్టారు లేతు మిషను మీది గుడ్డ తీశాడు. నూనె రాసి, ఒక నిమిషం ఉత్తినే తిప్పి, మళ్లీ గుడ్డ కప్పాడు. టెక్నాలజీ పార్కులోని ఉమ్మడి వర్క్‌షాపులో ఆరేళ్లుగా ఆయన రోజూ చేస్తున్నది అదే.

వెంట్రుకవాసి తేడా వచ్చినా చేసిన ముక్కను అవతల పారేసే మనిషి కనుక ఆ పేరు అతుక్కుపోయింది. పార్కు రాకముందు ఈ స్థలంలో చిన్న చిన్న వర్క్‌షాపు షెడ్ల సందు ఉండేది. కొలత కుదరకపోతే లోహం కరిగించి పోతపోసే బావ గోడ అవతలి నుంచే తిట్టిపోసేవాడు. ఆ తిట్లలోనే సగం డిజైను మారిపోయేది. దాన్ని ఎవరూ ఇన్నొవేషన్ అనలేదు.

పార్కు కడతామని అధికారులు వచ్చినప్పుడు సందు మొత్తాన్ని ఒప్పించింది ఈయనే.

"పెద్ద చదువులవాళ్లు గీస్తారు, మనం చేస్తాం. చేతినిండా పని బావా!"

"నువ్వు కొలవకుండా మాట్లాడవుగా. సరే, పద," అన్నాడు బావ.

పందొమ్మిది షెడ్లు తలో దిక్కుకూ పోయాయి. మైక్రాన్‌కు మాత్రం పార్కులో ఉద్యోగం దొరికింది.

అద్దాల గదుల్లోకి కంపెనీలు వచ్చాయి. అవి గీసేది ఇక్కడ, చేయించుకునేది మరెక్కడో. వర్క్‌షాపు గడప తొక్కేవాడు లేకపోయేసరికి మేనేజరు లేతు పక్కనే కాఫీ మిషను పెట్టించాడు.

"నలుగురూ కలిస్తే ఆలోచనలు పుడతాయి మాస్టారూ. వచ్చిన ప్రతివాళ్లతోనూ రిజిస్టర్లో సంతకం పెట్టించండి."

పెట్టించాడు. విన్న బావ పగలబడి నవ్వాడు. "పక్కపక్కన కూర్చుంటేనే ఆలోచనలు పుడితే, నేనెక్కే బస్సులో రోజుకెన్ని పుట్టాలిరా!"

పోయిన నెల ఒక పరిశీలకురాలు వచ్చింది. ఇలాంటి పార్కు ఇంకొకటి కట్టాలా వద్దా అన్నది ఆమె నివేదిక మీద తేలుతుంది. దానికి చూసిపెట్టిన స్థలం ఇప్పుడు బావ షెడ్డు ఉన్న చోటే. ఆమె రిజిస్టరు తిరగేసింది.

"పదకొండు వేల సంతకాలు! ఇంతమంది ఇక్కడికి వచ్చారా?"

మేనేజరు పక్కనే నిలబడి ఉన్నాడు. అసలు మాట మైక్రాన్ నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"వచ్చారు మేడమ్," అన్నాడు.

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు తనే ఫోన్ చేశాడు. "ఆ సంతకాలు కాఫీకి వచ్చినవాళ్లవి మేడమ్. లేతు మీద ఆరేళ్లలో చేసినవి నాలుగు వస్తువులే. అందులో ఒకటి బాత్రూం గడియ."

"నివేదిక నిన్ననే ఇచ్చేశానండీ. మొన్నే చెప్పి ఉంటే సరిపోయేది కదా. సరే, రాసివ్వండి, పంపుతాను," అందామె.

రాసిచ్చాడు. అందినట్టు జవాబు వచ్చింది, అంతే.

ఆదివారం బావ షెడ్డుకు వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాడు. తిడతాడనుకున్నాడు, తిడితే బాగుండుననుకున్నాడు. బావ మూసలో ఇసుక దట్టిస్తూనే ఉన్నాడు.

"ఈసారి ఇక్కడివాళ్లకి నువ్వేం నచ్చచెప్పకు," అన్నాడు చివరికి. "నేనే చెప్పుకుంటాలే."

బావ ఉన్న చోటికి నోటీసులు గురువారం వచ్చాయి. ఖాళీ చేయాల్సిన షెడ్లు ముప్పై ఒకటి.