బావి కోసం పట్టిన ఉపవాసం

జర్మనీ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, ఎండాకాలంలో, నన్ను వేంపల్లె దగ్గరి ఒక చిన్న పల్లెకు ఉపదేశిగా వేశారు. ఉపదేశి అంటే పాస్టరుగారి కింది ఉద్యోగి. పగలు పిల్లలకు అక్షరాలు చెప్పాలి, సాయంత్రం గుడిలో ప్రార్థన నడపాలి. జీతం పేరుకే. సంఘంలోని ఆడవాళ్ళు వంటకు ముందు గుప్పెడు కొర్రలు దేవుని పేర పక్కన తీసిపెట్టేవారు. వారానికొకసారి అవి మా ఇంటికి చేరేవి. సంఘం మనసు ఎలా ఉందో పాస్టరుగారికంటే ముందు మా ఇంటి కుండకే తెలిసేది.

ఆ ఏడు వానలు లేవు. నీళ్ళున్న బావి పెద్ద ఆసామిది ఒక్కటే. మావాళ్ళు దూరంగా నిలబడితే ఆయన మనుషులు కడవల్లో పోసేవారు. నీళ్ళు అడుగంటాక అదీ మానేశారు. మావాళ్ళు వంక ఇసుకలో చెలమ తీసి ఆ బురదనీళ్ళే తాగారు. విషజ్వరం వచ్చింది. సుందరమ్మ అనే వితంతువుకు ఉన్న ఒక్క కొడుకూ దానితోనే పోయాడు. సమాధి కార్యక్రమం నేనే జరిపించాను.

కొన్నాళ్ళకు ఆసామి కొడుకూ అదే జ్వరంతో మంచం పట్టాడు. నాటువైద్యం, కడప డాక్టరు అన్నీ అయ్యాక ఆయన భార్య మా గుడికి కబురు పంపింది, మీ దేవుణ్ణి అడగమని. సంఘపెద్ద యోహాను ముఖం వెలిగిపోయింది.

"పిల్లోడు లేసినాడంటే బావి మనకిడుస్తారప్పా. గట్టిగా పట్టండి," అన్నాడు.

ఉపవాస ప్రార్థన పెట్టాం. అందులో ఒక్కొక్కరే మోకరించి పైకి అడుగుతారు, చివర ఉపదేశి ముగిస్తాడు. ఎన్నడూ గుడి మెట్టెక్కనివాళ్ళు కూడా వచ్చి గొంతులు పోయేలా ఏడ్చారు. మా ఇంటి కుండ నిండింది. నాకు ఒళ్ళు మండింది. నోటితో అడిగేది పిల్లవాణ్ణి, కళ్ళేమో బావి మీద. అయినా నాకూ దాహమే గనుక ఏమీ అనలేదు.

సుందరమ్మ మాత్రం రోజూ ఒకే మాట అడిగేది. "ప్రభువా, ఆ తల్లికి నా గతి పట్టనీయాకు."

యోహాను విసుక్కునేవాడు. "ఏమ్మా, బావి మాట గూడా ఒకటి కలపరాదా?"

ఆమె కలపలేదు.

పిల్లవాడు చనిపోయాడు.

మరుసటి సాయంత్రం ఎప్పటిలాగే గంట కొట్టాను. యోహాను గుమ్మం దాకా వచ్చి, "ఇంగేమడగాల అయ్యవారూ? ఆయప్ప బావి చుట్టూ ముళ్ళకంప గూడా ఏపించినాడు," అని తిరిగి వెళ్ళిపోయాడు. లోపలికి వచ్చింది సుందరమ్మ ఒక్కతే. మోకరించి, ఆ తల్లిని విడిచిపెట్టవద్దని ప్రభువును అడిగింది. ఆ మరునాడూ అదే, ఆ తరువాతా అదే. కొర్రలు కూడా ఆమె ఇంటి నుంచే వచ్చేవి.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, అంతా అయిపోయాక ఇంకా దేనికని.

"నీళ్ళ కోసరం అడిగింటే ఎప్పుడో నిలిపేసి ఉందును అయ్యవారూ," అంది. "నేను ఆయమ్మ కోసరం అడుగుతాండా. ఆయమ్మ ఇంగా బతికే ఉండాది గదా."

వానలు పడేదాకా ఆసామి ఆ కంప తీయలేదు. ఈలోగా చెలమనీళ్ళు తాగి పల్లెలో మరికొందరు పోయారు. వారిలో యోహాను ఒకడు.

ఆ తరువాత చాలా పల్లెల్లో పనిచేశాను. ప్రార్థన ఎంత గట్టిగా జరిగిందని పాస్టరుగార్లు అడిగేవారు. నేను ఆ లెక్క పెట్టుకోవడం మానేశాను. అడిగింది దొరకని మరుసటి సాయంత్రం గంట కొట్టి, ఎవరు వస్తారో చూసేవాణ్ణి.