బ్యాటరీకి తగిన మాట

పెద్దనాయన పోయినాడని మొన్న పొద్దున ఆదోని నుంచి వచ్చిన మనిషి మా బడి వాకిట్లో నిలబడి చెప్పాడు. ఎమ్మిగనూరులో ఆడపిల్లలకు పాఠం చెబుతున్నదాన్ని, చేతిలో సుద్దముక్కతోనే బస్సెక్కాను. కూర్చోబుద్ధి కాలేదు. లేచి నిలబడితే కండక్టరు, "కూచో తల్లీ, నువ్వు నిలబడితే బస్సు బిరాన పోతాదా?" అన్నాడు. ఆదోనిలో ఇంటినిండా జనం. ఆయన పక్కన కూర్చున్నవాళ్ళెవరూ గొంతు తగ్గించలేదు. బతికున్నప్పటి అలవాటు, అందరూ గట్టిగానే మాట్లాడుతున్నారు. తిరిగొచ్చి ఇది రాస్తున్నాను, మధ్యమధ్య లేచి వాకిలిదాకా పోయి వస్తూ.

ఆయన మా నాయనకు అన్న. నాయన నా చిన్నప్పుడే పోతే మమ్మల్ని సాకినవాడు. పత్తి దళారి. వయసులో ఉండగా పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు మోతలో చేసిన పని ఆయన చెవులను తినేసింది. వ్యాపారానికి మాత్రం లోటు రాలేదు. మా బజారులో ధర నోటితో చెప్పరు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి, పైన తుండుగుడ్డ కప్పి, వేళ్ళు పట్టుకుని అడుగుతారు, వేళ్ళు పట్టుకునే జవాబిస్తారు. ఆయనకు కష్టమల్లా ఇంట్లోనే. అందరం నవ్వితే మా మొహాలు చూసి, కాస్త ఆగి, తానూ నవ్వేవాడు. ఆ వెనకబడిన నవ్వు వింటే నాకు లేచి ఎటైనా పోవాలనిపించేది.

రెండో ప్రపంచయుద్ధం మొదలైన కొత్తలో మద్రాసు నుంచి చెవి మిషను తెచ్చుకున్నాడు. చొక్కా లోపల ఒక పెట్టె, నడుముకు బ్యాటరీలు, చెవిదాకా తీగ. వీధి పిల్లలు రేడియో అనుకుని పాట పెట్టమని వెంటపడ్డారు. చొక్కా గుడ్డ పెట్టెకు రాసుకుంటే చెవిలో జొన్నసొప్ప తొక్కినట్లుంటుందని గింజుకునేవాడు. మొదటిరోజు వంటింటి గడపలో నిలబడితే పెద్దమ్మ బిందె దించింది. ఉలిక్కిపడ్డాడు.

"ఇన్నేండ్లూ ఈ ఇంట్లో ఇంత గోల ఉండెనా?"

"గోల కాదు, సంసారం," అంది పెద్దమ్మ.

యుద్ధం ముదిరేకొద్దీ బ్యాటరీలు దొరకడం గగనమైంది. ఎవరైనా వస్తే ముందు మొహం చూసి, ఆ తర్వాత మీట తిప్పాలో వద్దో తేల్చుకునేవాడు. మా చిన్నాయన, అంటే ఆయన తమ్ముడు, నోరు తెరిస్తే, "ఉండప్పా, నీ మాట బ్యాటరీకి తగినదేనా? కాకుంటే సైగ చెయ్" అనేవాడు. నేను బడినుంచి రాగానే మాత్రం తనే మీట తిప్పి, "సెప్పు పాపా, ఈ పొద్దు ఏం నేర్పినారు?" అని అడిగేవాడు. భూమి గుండ్రంగా ఉందంటే, "అది నాకూ తెలుసులే. కొత్తది సెప్పు, బ్యాటరీ పోతాంది."

బడి చదువు అయిపోయింది. మద్రాసు కాలేజీకి పోవాలని నేను. చిన్నాయన అప్పటికే సంబంధం చూసిపెట్టాడు. ఒక మధ్యాహ్నం అందరూ కూర్చున్నారు. పెద్దనాయన మీట తిప్పాడు. చిన్నాయన సాగదీసి సాగదీసి చెప్పాడు: "మన ఇండ్లల్లో ఏ ఆడబిడ్డ హాస్టల్లో ఉండింది? రేపు దీన్ని ఎవరు చేసుకుంటారు?" అంతా విని పెద్దనాయన నావైపు తిరిగాడు. "ఇంగ నువ్వు సెప్పు."

నేను నోరు తెరిచేసరికి ఆయన పెట్టెను తట్టుకుంటున్నాడు. "అయిపాయె. అంతా నువ్వే తినేస్తివి కదప్పా," అన్నాడు తమ్ముడితో.

చిన్నాయన ఊరటగా లేచాడు. "ఇంగ మాట్లాడేదేముండాది."

పెద్దనాయన భుజంమీది తుండుగుడ్డ తీసి, కుడిచేతిమీద కప్పుకుని, ఆ చెయ్యి నాకు చాచాడు.

"అయ్యో, ఆడపిల్లతోనా!" అంది పెద్దమ్మ.

"ఎన్నేండ్లు కావల్ల?" అని అడిగాడు నన్ను.

గుడ్డ కింద ఆ చెయ్యి పొడిగా, గరుకుగా ఉంది. రెండు వేళ్ళు పట్టుకున్నాను. ఆయన ఒక వేలు విడిపించుకోబోయాడు. నేను బిగించాను. నా మొహంకేసి కాసేపు చూసి, చెయ్యి ఒకసారి ఊపాడు.

"కుదిరింది."

"నన్నడక్కుండా ఏం కుదిరింది?" అని చిన్నాయన ఎగిరాడు. పెద్దనాయనకు వినబడలేదు, మొహం చూసి పోల్చుకున్నాడు. "గుడ్డ కింద కుదిరిన బేరం ఎప్పుడన్నా తప్పినామా అప్పా? నువ్వు తప్పమంటే తప్పుతా. రేపు బజార్లో ఏమని సెప్పుకుందాం?"

చిన్నాయనా దళారే. కూర్చున్నాడు. తర్వాత నేను ఇంకో రెండేండ్లకు కూడా బేరం చేసుకున్నాను.

ఊళ్ళో మాత్రం తెలియకూడదని చిన్నాయన కట్టడి చేశాడు. బళ్ళారిలో మేనత్త ఇంటికి పోతోందని వీధిలో చెప్పారు. నేను బయల్దేరిన రోజు ఆదోని స్టేషనులో మద్రాసు మెయిలు కదిలింది. పెద్దనాయన కిటికీ పట్టుకుని నడిచాడు. మిషను పెట్టుకోలేదు, పెట్టుకున్నా బ్యాటరీ లేదు. నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని, రహస్యం చెప్పేవాడిలా ముందుకు వంగి, ప్లాట్‌ఫారమంతా మోగిపోయేట్టు అరిచాడు:

"కాలేజీలో బాగా సదువుకో పాపా! బళ్ళారికని సెప్పినాములే, ఎవరికీ తెలీదు!"

మూటల మీద కూర్చున్నవాళ్ళు, చెనక్కాయలమ్మే ముసలామె, మా ఎదురింటి శెట్టిగారు, అందరూ తిరిగి చూశారు. చిన్నాయన స్తంభం చాటుకు తప్పుకున్నాడు. పెద్దనాయన మాత్రం నోటికి అడ్డం పెట్టిన చెయ్యి తియ్యకుండా, ఎవరూ వినలేదు కదా అన్నట్టు ఒకసారి అటూ ఇటూ చూసుకున్నాడు.