మార్జిను గీతకి ఆనించి

చోడవరంలో నేను లెక్కలు చెప్పే బడికి అగ్గిపెట్టెంత కంప్యూటర్ బోర్డులు వచ్చాయి. తెర మీద ఒక్కో ఆదేశానికీ ఒక్కో రంగు ముక్క తగిలించి ప్రోగ్రాం చేసినన్నాళ్లూ పిల్లలు రెచ్చిపోయారు. రోలుగుంట నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి, చెరకు మడి ఎండితే మోగే గంట కూడా చేసింది.

తర్వాత ముక్కలు మానేసి, బోర్డు మీద లైటు వెలిగించే ప్రోగ్రాంని అక్షరాల్లో టైపు చేయమన్నాను. ఆమె బోర్డు మీద లైటు వెలగలేదు. చూస్తే, లోపలికి జరిపి రాయాల్సిన వరుసలన్నీ ఎడమ అంచుకు లాగేసి ఉన్నాయి. ఏ పని దేని కిందకు వస్తుందో యంత్రానికి తెలిసేదే ఆ ఖాళీల వల్ల.

"ఏటే ఇది? ఖాళీలెందుకు తీసేసేవు?"

"మీరే సెప్పేరు కదండీ, మార్జిను గీతకి ఆనించి రాయమని. వంకరుంటే ఎర్రింకుతో కొట్టేస్తారు కదా."

నిజమే. ఆరో తరగతి నుంచీ కొట్టేసిన చెయ్యి నాదే. ఎన్నిసార్లు విడమర్చి చెప్పినా మర్నాటికి వరుసలు మళ్లీ అంచుకే చేరేవి. విసిగిపోయి బోర్డులు బీరువాలో పడేసి, అదే ప్రోగ్రాంని నోట్సులో రాయించాను. ఆమెది అచ్చు గుద్దినట్టుంది. ఒక్క వరుసా గీత దాటలేదు. ఏ లైటునూ వెలిగించలేని ఆ ప్రోగ్రాం కింద 'గుడ్' అని రాసి సంతకం పెట్టాను.