సందు లేని చోట జలసంధి

మా ముత్తాతకు కోరంగి రేవులో మూడు తెరచాప ఓడలుండేవి. ఆయన తండ్రీ ఓడల యజమానే. రంగూను టేకు దుంగలు మా ఓడల్లోనే దిగేవి. ముత్తాత రేవులో అడుగుపెడితే సుంకం వసూలు చేసే దొర లేచి కుర్చీ చూపించేవాడు. ఆవిరి ఓడలు వచ్చాక ఒక కంపెనీ ఆయన్ని తమ ఏజెంటుగా ఉండమంది. ఒకరి సరుకుకు చీటీలు రాసే పని నాది కాదన్నాడు. ఓడలు ఒక్కొక్కటే పోయాయి. మాకు మిగిలినవి ఆయన ఇత్తడి దిక్సూచి, సముద్రపు పోటూ పాటూ గురించి ఇంట్లో అనుకునే నాలుగు మాటలు, వంగని నడుము.

ఆస్ట్రేలియాలో అడిలైడ్ దగ్గర మాసన్ లేక్స్‌లో, ఉపగ్రహ చిత్రాలు చూసి సముద్ర పటాలు గీసే ఆఫీసులో నేను కాంట్రాక్టు మీద పనిచేశాను. బయట రోడ్డు తారు కరిగే ఎండ. నా తెర మీద ఉత్తర ధ్రువం వైపు రెండు దీవులు, మధ్యలో సన్నటి నీటి పట్టీ. అక్కడ మనుషులుండరు. ఏడాదిలో చాలా భాగం మంచుగడ్డే. తూర్పున ఆ నీరు వెడల్పుగా మొదలై, పడమటికి పోనుపోను ఇరుకై, కొండలు రెండూ ఒరుసుకుంటాయా అన్నంత దగ్గరికొస్తాయి. పాత పటం గీసినవాళ్లు ఆ ఇరుకులోని మంచును నేల అనుకుని అడ్డంగా గీత గీశారు. దీవులు రెండూ ఒకటయ్యాయి. జలసంధి అఖాతమైంది.

చలికాలపు చిత్రాలన్నిటిలోనూ సరిగ్గా ఆ గీత దగ్గరే ఒక నల్లటి మచ్చ. చుట్టూ అంతా గడ్డకట్టినా ఆ కాస్త నీరు గడ్డకట్టదు. మూసుకున్న ఏట్లో పోటు పడుకుంటుంది, రెండు వైపులా తెరిచిన ఏట్లో పరిగెడుతుంది అని మా నాయనమ్మ అనేది. ఆవిడకది మామగారు చెప్పిన మాట. పరిగెత్తే నీరే అలా గడ్డకట్టకుండా ఉంటుంది. గీత తప్పని రాసి పంపాను.

మా టీమ్ లీడ్ కరీంనగర్ వాడు, నాకంటే చిన్న. కాఫీ పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చాడు.

"అన్నా, అక్కడ సందే లేదు. జలసంధి ఎక్కడికెళ్లి వచ్చింది?"

చుట్టూ ఎవరికీ తెలుగు రాదు, నవ్వింది మేమిద్దరమే. మాట బాగుంది మరి.

"సందు లేకపోతే ఆ నీళ్లు ఎటు పోతున్నాయి తమ్ముడూ?"

అక్కడికి పోయి చూసొచ్చిన ఓడ ఏదీ లేదన్నాడు. గీత మారిస్తే పని ఆలస్యమవుతుందని, ఉన్నది ఉన్నట్టే ఉంచి సంతకం పెట్టమని చెప్పాడు. నేను కదలకపోయేసరికి గొంతు తగ్గించాడు.

"మీ కాంట్రాక్ట్ రెన్యువల్ ఈ మంత్‌లోనే ఉంది కదన్నా. ఒక్క లైన్ కోసం ఎందుకీ లొల్లి? జమీందారీ ఇక్కడ నడవదు."

"మేం జమీందార్లం కాదు, ఓడలవాళ్లం. దారి ఉన్నచోట గోడ ఉందని సంతకం పెట్టం."

అతను కాఫీ తాగకుండానే వెళ్లిపోయాడు. కానీ నా అభ్యంతరాన్ని తొక్కిపెట్టలేదు, పైకి పంపాడు. అది అతని మర్యాద.

పటం బయటికొచ్చినప్పుడు ఆ ఇరుకులో గీత లేదు. తీరం ఉందో లేదో తేలనిచోట పెట్టే చుక్కలున్నాయి. కింద సంతకం ఇంకొకరిది. చుక్కల మధ్య నుంచి నీళ్లు పోతాయి, నాకది చాలు.

నా కాంట్రాక్టు పొడిగించలేదు. పొడిగించమని నేనూ అడగలేదు. ఆ శీతాకాలంలో ఇంటి అద్దె కోసం, వెంట తెచ్చుకున్న ముత్తాత ఇత్తడి దిక్సూచిని అడిలైడ్‌లో పాత వస్తువులు కొనే దుకాణంలో అమ్మేశాను.