ఓడ తాత ఈత

నా చిన్నప్పుడు మా ఊరి పిల్లలకి సముద్రమంటే ఓడ తాతే. అనకాపల్లి పక్కన, తుమ్మపాల దాటాక, చెరుకు తోటల మధ్య పుట్టి పెరిగినవాళ్లం. సముద్రం ఎటువైపుందో చెయ్యెత్తి చూపించగలిగేవాళ్లం గాని, మాలో దాన్ని చూసినవాళ్లు లేరు. మొదటి యుద్ధంలో సిపాయిలను మోసే ఓడ మీద కళాసీగా పనిచేసి వచ్చినవాడు ఊరు మొత్తానికీ ఆయనొక్కడే. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది. మాకు మాత్రం ఓడ తాత.

ఓడలో ఆయన పని పొయ్యిలోకి బొగ్గు ఎగదొయ్యడం. ఊరికి తిరిగొచ్చాక బెల్లం వండే పాకలో పొయ్యిలోకి చెరుకు పిప్పి ఎగదోసేవాడు. ఓడ దిగినా పొయ్యి వదల్లేదని ఊళ్లో ఎగతాళి చేసేవారు. ఆయనా నవ్వేవాడు. చలికాలం సాయంత్రాలు మేం ఆ పొయ్యి పక్కన చేరి, ఆకులో పోసిచ్చిన వేడి బెల్లం నాకుతూ ఆయన కథ వినేవాళ్లం. కథ ఒక్కటే. నడిసముద్రంలో ఓడ పగిలి మునిగిపోయింది. తాత తెల్లవార్లూ ఈదాడు. తానొక్కడే ఈదలేదు, ఈత రాని మరో కళాసీని చొక్కా పట్టుకుని తనతోపాటు తేల్చుకుంటూ ఈదాడు. తెల్లారి పడవ వచ్చే వేళకి ఆ మనిషి చెయ్యి జారిపోయింది. అక్కడికొచ్చేసరికి తాత పొయ్యివైపు తిరిగి ఇంకాస్త పిప్పి తోసేవాడు. మేం బెల్లం నాకడం మానేసేవాళ్లం. ఎక్కడైనా ఒక ముక్క మరిచిపోతే నేను అందించేదాన్ని. అంత బట్టీ పట్టేశాను.

ఆ కథ నా కన్నా ముందు బట్టీ పట్టినవాడు మా చిన్నాన్న. రెండో యుద్ధంలో విశాఖపట్నం మీద బాంబులు పడ్డాక, కుర్రాళ్లను నేవీలోకి తీసుకుంటున్నారని విని, ఇంట్లో చెప్పకుండా వెళ్లి ఛాతీ కొలిపించుకుని వచ్చాడు. ఎంపికయ్యాడు. బొంబాయి వైపు ఎక్కడో శిక్షణ. మా మామ్మ, అంటే మా నాన్న తల్లి, అన్నం మానేసి పడుకుంది. కొడుకు యుద్ధంలోకి వెళ్తున్నాడన్న దిగులు ఒకటైతే, ఆవిడకి ఇంకొకటి కూడా ఉంది. చిన్నాన్న పుట్టినప్పుడు జాతకం చూసినాయన నీటిగండం ఉందని చెప్పాడట. అప్పటినుంచీ వాణ్ణి నూతి గట్టు కూడా ఎక్కనిచ్చేది కాదు. ఊళ్లో మగపిల్లలందరూ శారద ఏట్లో చేపపిల్లల్లా ఈదుతుంటే మా చిన్నాన్న ఒడ్డున కూర్చుని వాళ్ల చొక్కాలకి కాపలా కాసేవాడు. పెద్దయ్యాక ఆ సిగ్గుతో ఏటివైపు వెళ్లడమే మానేశాడు. ఈత రాదన్న సంగతి జతగాళ్లే మరిచిపోయారు.

ప్రయాణం దగ్గరపడిన ఒక సాయంత్రం చిన్నాన్న నన్ను వెంటేసుకుని బెల్లం పాకకి వెళ్లాడు, ఓడ తాతని సలహా అడగడానికి. తాత మంచి ఊపు మీద ఉన్నాడు. ఎదురు చెప్పొద్దన్నాడు. పెట్టింది తినమన్నాడు. ఓడ ఊగి కడుపులో తిప్పితే చింతపండు నాలిక కింద పెట్టుకోమన్నాడు. ఇంటి మీద బెంగొస్తే పని అడిగి మరీ చెయ్యమన్నాడు. చిన్నాన్న అన్నిటికీ తలూపి, ఎవరికీ వినపడకుండా ఉండాలన్నట్టు దగ్గరికి జరిగి అడిగాడు.

“మావా, అక్కడ ఈతొచ్చేటని అడుగుతారేటి?”

తాత పాకంతా దద్దరిల్లేలా నవ్వాడు. “అడిగితే వచ్చని సెప్పీరా అల్లుడూ! నాను నేర్సుకుని ఎల్లేనేటి? నీటిలో పడ్డేను, వచ్చీసింది!”

పాకలో ఉన్నవాళ్లంతా నవ్వారు. చిన్నాన్న మొహం విచ్చుకుంది. ఎన్నాళ్లనుంచో మోస్తున్న బరువు దింపుకున్నవాడిలా ఊపిరి వదిలాడు. ఆ ఊపిరే తాత చెవిన పడింది కాబోలు, నవ్వు ఆపి వాడి కళ్లల్లోకి చూశాడు. నీకు రాదా అని మెల్లగా అడిగాడు. చిన్నాన్న తల దించుకుని కాలిబొటనవేలితో నేల గీరాడు.

తాత చేతిలో పిప్పి అలాగే ఉండిపోయింది. పొయ్యిలో మంట తగ్గిపోయింది. పెనం దగ్గర బెల్లం కలిపే ఆయన, పాకం చెడిపోతోంది, పొయ్యి చూడవేమని కేకలేశాడు. తాత పొయ్యిని ఆరనివ్వడం నేను చూడటం అదే మొదటిసారి. ఏదో తప్పు జరిగిందని తెలిసింది గాని ఎవరిదో తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే ఓడ తాత మా ఇంటికొచ్చాడు. భుజాన ఎండిన ఆనపబుర్రలు, తాళ్లు. మా ఊళ్లో చిన్నపిల్లలు ఈత నేర్చుకునేటప్పుడు నడుముకి కట్టేవి. విషయం విని మామ్మ మంచం మీంచి లేచింది. గండం ఉన్నవాణ్ణి నీళ్లలోకి దింపుతావా అని తిట్టిపోసింది. తాత అన్నీ నిలబడి విన్నాడు.

“అమ్మా, ఈడు సముద్రం మీదకే ఎల్తన్నాడు గాదా. ఇక్కడైతే నువ్వు ఒడ్డున ఉంటావు. అక్కడెవులుంటారు?”

మామ్మ నోరు కొంగుతో మూసుకుని, తనూ ఏటికి బయలుదేరింది.

అంత మీసాలున్న కుర్రాడికి ఆనపబుర్రలు కడతారని తెలిశాక ఊరు ఊరంతా రాకుండా ఉంటుందా! రేవు దగ్గర తిరనాళ్లలా ఉంది. చిన్నాన్న పంచె బిగించుకుని తల వంచుకుని నిలబడ్డాడు. చిన్నాన్న చెవులు ఎర్రబడటం చూసి నేను నా స్నేహితురాళ్ల వెనక్కి జరిగాను. మా చిన్నాన్న యుద్ధపు ఓడ ఎక్కుతాడని వాళ్ల దగ్గర నేను చెప్పుకున్న గొప్పలు ఇన్నీ అన్నీ కావు మరి.

అప్పుడు తాత బుర్రలు తీసి ముందుగా తన నడుముకి కట్టుకున్నాడు. జనం విరగబడి నవ్వారు. కుర్రాడికి సిగ్గు పోవాలని ముసలాయన వేషం వేస్తున్నాడనుకున్నాం. నాకు తాత మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఒడ్డుమీంచి ఎవరో, తెల్లార్లూ సముద్రం ఈదినోడికి బుర్రలేటని కేక పెట్టారు.

తాత నీళ్లలోకి దిగాడు. మోకాళ్ల లోతు, నడుము లోతు. అక్కడ ఆగిపోయాడు. ఇంకో అడుగు వెయ్యలేకపోయాడు. బుర్రలు తేలుతూనే ఉన్నాయి, ఆయన మాత్రం రెండు చేతులతో వాటిని పట్టుకునే ఉన్నాడు. నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. తాత మావైపు తిరిగాడు.

“నాకు ఈత రాదర్రా. అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు.”

నీళ్లలో నిలబడే, చిన్నాన్నకి చెబుతున్నట్టుగా, మిగతాది చెప్పాడు. ఆ రాత్రి ఈదింది రెండో మనిషి. తాత చొక్కా పట్టుకుని తేల్చింది ఆ మనిషే. ఏ దేశంవాడో, ఏం భాషో. ఓడెక్కేటప్పుడు ఈతొచ్చా అంటే వచ్చని చెప్పాడట తాత, సిగ్గేసి. ఆ అబద్ధాన్ని ఆ మనిషి తెల్లవార్లూ ఒంటి చేత్తో మోశాడు. పడవ కనపడేవేళకి ఆయన రెక్కలు ఉడిగిపోయాయి.

“నన్ను ఒదిలీసుంటే బతికీవోడు. ఒదల్లేదు. నాను ఇంటికొచ్చి, ఆడి ఈత నాదని సెప్పుకున్నాను.”

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. జాలితో కాదు, సిగ్గుతో. ఎందుకో తాత నిలబడ్డచోట నేనే నిలబడ్డట్టనిపించింది. జనం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కదిలిపోయారు. తిట్టినవాళ్లూ లేరు, ఓదార్చినవాళ్లూ లేరు. తిట్టినా బాగుండేది.

మిగిలింది మేమూ, గేదెల్ని కడగడానికొచ్చిన మా పక్కింటి అక్కా. చిన్నాన్న మిగతా బుర్రలు కట్టుకుని తాత పక్కకి దిగాడు. ఆ అక్క గేదె తోక పట్టుకుని ఏరు దాటే మనిషి. ఇద్దరు మగాళ్లు నడుములకి బుర్రలు కట్టుకుని నీళ్లలో కొయ్యల్లా నిలబడితే ఎంతసేపు చూస్తుంది? చీర గోచి పెట్టి దిగింది. ఓలమ్మ, కాళ్లు ఆడించండి, చచ్చిన కప్పల్లా అలా బిగుసుకుంటారేటని ఇద్దర్నీ కలిపి కేకలేసింది. ప్రయాణం దాకా రోజూ అదే. చిన్నాన్న బుర్రలు విప్పేసి మడుగు ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి పోయే పాటి నేర్చుకున్నాడు. తాత బుర్రలు విప్పనే లేదు. నేర్చుకోలేకపోయాడు, మానలేదు.

చిన్నాన్న రైలెక్కేరోజు తాత అనకాపల్లి స్టేషన్‌కి వచ్చాడు గాని, మా వాళ్ల మధ్యకి రాకుండా దూరంగా నిలబడ్డాడు. చిన్నాన్నే వెళ్లి కాళ్లకి దణ్ణం పెట్టాడు. తాత వెనక్కి తగ్గి, వాణ్ణి లేవనెత్తి చెప్పింది ఒక్కటే. “రానిది రాదని సెప్పీ. సిగ్గేత్తాది. ఎయ్యనీ.”

ఆ ఏడాది బెల్లం పాకలో కథ లేదు. పిల్లలు వెళ్లేవారు, బెల్లం నాకేవారు, వచ్చేసేవారు. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. మంట వెలుగులో ఆయన వంచుకున్న తల నాకిప్పటికీ కనిపిస్తుంది. అబద్ధం చెప్పినన్నాళ్లూ ఊరంతా చుట్టూ మూగింది. నిజం చెప్పాక ఒంటరిగా వదిలేసింది.

మళ్లీ చెరుకు నరికే రోజుల్లో చిన్నాన్న సెలవు మీద వచ్చాడు. తెల్ల బట్టల్లో, గుర్తుపట్టలేనంత నల్లబడి. ఇంట్లో మూట దింపి తిన్నగా పాకకే నడిచాడు. నేను వెంటపడ్డాను. శిక్షణలో కొత్తవాళ్లందర్నీ నీళ్ల ముందు నిలబెట్టి, ఈత రానివాళ్లెవరని అడిగారట. ఒక్క చెయ్యీ లేవలేదు. మడుగు ఈదడం వేరు, సముద్రం ఈదడం వేరు అనిపించి మా చిన్నాన్న చెయ్యెత్తాడు. నవ్వారట. ఆ తర్వాత వెనకనుంచి ఇంకో చెయ్యి లేచింది, పక్కనుంచి ఇంకోటి. చివరికి చేతులెత్తినవాళ్లే ఎక్కువయ్యారు. అందర్నీ ఓపిగ్గా మొదటినుంచీ నేర్పించారు.

తాత పొయ్యిలోకి పిప్పి తోస్తూనే ఉన్నాడు, ముక్కు మాత్రం భుజానికి తుడుచుకున్నాడు. నాకు ఉండబట్టలేదు. తాతా, కథ చెప్పవా అని అడిగాను.

“ఏ కథే గుంటా?” అన్నాడు భయంగా.

ఆ ఈదినాయన కథ అన్నాను. తాత నావంక చూసి, మొదలుపెట్టాడు. ఓడ అదే, రాత్రి అదే. ఈసారి ఈదింది తాత కాదు. నేను ఒక్క ముక్క కూడా అందించలేదు, నాకు తెలిసిన కథ కాదు గనక. తర్వాత చలికాలాల్లో పిల్లలు మళ్లీ చేరారు.

పెళ్లయ్యాక నేను ఎన్నో చోట్ల నాకు రానిదాన్ని రాదన్నాను. మెషిన్ కుట్టు దగ్గర, బ్యాంకులో, మొన్న మనవరాలు ఫోన్ చేతిలో పెట్టినప్పుడు. నవ్వేవాళ్లు నవ్వుతారు, నేర్పేవాళ్లు నేర్పుతారు. ఆ సిగ్గు నాకు అలవాటైపోయింది. తాత కథ కూడా మనవలకి చెబుతుంటాను. అంతా విని వాళ్లు, రాత్రంతా ఈదిన ఆ మనిషి పేరేమిటని అడుగుతారు. తాతకి తెలియదు, నాకూ తెలియదు. అదే చెబుతాను. ఎన్ని తెలియదులో అలవోకగా అనేసిన నాకు, ఆ ఒక్క తెలియదు అనేటప్పుడు మాత్రం ఈనాటికీ తల వాలిపోతుంది.