ముషాయిరాలో ఎర్ర దిండు

అతిథులు కూర్చునే మా దివాన్‌ఖానా గోడ మీద ఒక పెద్ద నూనెరంగుల చిత్రం ఉండేది. చిత్రం ఇప్పటికీ ఉంది, ఆ గోడే లేదు. సికింద్రాబాద్ కార్ఖానా బస్తీలో ఉన్న ఆ ఇల్లు చేయి దాటిపోయాక దాన్ని తెచ్చి ఈ అద్దె ఇంటి ముందు గదిలో పెట్టాను. గది చిన్నది. వచ్చినవాళ్ళు దాని ఎదురుగా తప్ప కూర్చోవడానికి చోటు లేదు. కొత్తవాళ్ళయితే కాసేపు చూసి తప్పకుండా ఒకే మాట అడుగుతారు.

"అందరూ ఆ దిండును చూసి చేతులెత్తుతున్నరేందండీ?"

నేను జవాబు చెప్పను. అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు. కాఫీ తెచ్చి ఇస్తాను.

అది ముషాయిరా చిత్రం. కవులు ఒకచోట చేరి, ఒకరి తర్వాత ఒకరు తమ గజళ్ళు చదివే సభ అది. మా తాతగారి కాలంలో అలాంటి సభలు మా దివాన్‌ఖానాలోనే జరిగేవి. వెండి స్తంభంలో వెలిగించిన కొవ్వొత్తి ఎవరి ముందుకు వస్తే వాళ్ళు చదవాలి. చిన్నవాళ్ళతో మొదలై, అందరికన్నా పెద్ద కవి ముందుకు అది చివరగా చేరుతుంది. చిత్రకారుడు ఆ చివరి ఘడియనే పట్టుకున్నాడు. తెల్లటి దుప్పటి పరిచిన నేల మీద కవులు అర్ధచంద్రాకారంగా కూర్చున్నారు. గీసిన నాడు నడుమ, కొవ్వొత్తి వెలుగులో, మా తాతగారి ఉస్తాద్ ఒక చేత తస్బీ, అంటే జపమాల, పట్టుకుని రెండో చెయ్యి సగం లేపి చదువుతూ ఉన్నారు. పక్కన మా తాతగారు అరచెయ్యి పైకెత్తి వాహ్వా అంటున్నారు. మిగిలినవాళ్ళ చేతులూ లేచే ఉన్నాయి.

తెలుగు దేశ్‌ముఖుల ఇంట పుట్టి మా తాతగారు ఉర్దూలో రాశారంటే ఇప్పటివాళ్ళకు వింతగా ఉంటుంది. ఆ రోజుల్లో కచేరీ భాష అదే, దర్బారు భాష అదే. ఆయన రాసిన ప్రతి గజలూ ఉస్తాద్ దిద్దినదే. ఆ సంగతి మేం బయట అంతగా చెప్పుకునేవాళ్ళం కాదు. మా తాతగారు షాయర్ అని మాత్రం చెప్పుకునేవాళ్ళం. చిత్రం మీద మఖమల్ పరదా ఉండేది. ఘనమైన అతిథులు వస్తే నాన్న తానే లేచి దాన్ని పక్కకు లాగేవారు. నాన్నకు కొడుకులు లేరు, నేనొక్కదాన్నే. నాకు ఊహ వచ్చాక చిత్రం దుమ్ము తుడిచే పని నాకప్పగించారు. అది నౌకర్లు చెయ్యదగిన పని కాదని ఆయన ఉద్దేశం.

ఉస్తాద్ మతనిష్ఠ గల మనిషి. ఆయన ఇంట్లో మనుషుల బొమ్మలు పెట్టరు. ఫోటో కూడా ఎన్నడూ దిగలేదు. మా తాతగారి మాట కాదనలేక ఒకే ఒక్కసారి చిత్రకారుడి ముందు కూర్చున్నారు. అందువల్ల ఆయన ముఖం చూడాలంటే లోకంలో మా గోడ ఒక్కటే ఉండేది.

ఆ ముఖం కోసం ఆయన కూతురు ఏటా మౌలాలి నుంచి వచ్చేవారు. అక్కడి కొండ మీది దర్గాలో ఉర్సు ఉత్సవం ముగిసిన వారంలో ఉస్తాద్ పోయిన రోజు వస్తుంది. ఆ రోజు పొద్దున్నే మా వాకిట్లో జట్కా ఆగేది. నాన్న ఆవిడను ఆపా, అంటే అక్కా, అని పిలిచేవారు. నాకు ఫూఫీ, అంటే మేనత్త వరస. మా అమ్మ ఆచారం గల మనిషి, ఫూఫీ ఇంట్లో వండినది ముట్టదు. అది తెలిసి ఆవిడ రుమాల్లో పటికబెల్లం మూటగట్టి తెచ్చేవారు. ఆవిడకు షర్బత్ ఇవ్వడానికి మా ఇంట్లో ఒక గాజు గ్లాసు విడిగా ఉండేది. ఆ గ్లాసు సంగతి ఆవిడకూ తెలుసు. పరదా తీస్తే కాసేపు తండ్రిని చూసుకుని, షర్బత్ తాగి, వెళ్ళిపోయేవారు.

నిజాం రాజ్యం మీద పోలీస్ చర్య జరిగిన వారం రోజులూ మేం తలుపులు వేసుకుని కూర్చున్నాం. మిలిటరీ లారీలు మా వీధి చివర నుంచి పోతుంటే కిటికీ అద్దాలు గడగడలాడేవి. నాన్న నిజాం సర్కారులో పెద్ద ఉద్యోగి. జీవితమంతా షేర్వాణీ, రూమీ టోపీ లేకుండా గడప దాటని మనిషి. ఆ వారంలో టోపీ పెట్టెలోకి పోయింది. ఒకరోజు కచేరీ నుంచి వచ్చి, జోళ్ళు విప్పకుండానే దివాన్‌ఖానాలో నిలబడ్డారు.

"మీ ఇంట్ల పాత దర్బారు తస్వీరు ఉందంట గద అని అడిగిన్రు ఇయ్యాల," అన్నారు.

"ఎవరు?" అంది అమ్మ.

"ఎవరైతేంది. అడిగిన్రు."

మర్నాడు సికింద్రాబాద్ బజారులో దుకాణాల బోర్డులు రాసే పెయింటర్‌ని పిలిపించారు. బోర్డులన్నీ మారుతున్న రోజులవి, అతనికి చేతినిండా పని. బీడీ చెవి వెనక పెట్టుకుని చిత్రాన్ని అటూ ఇటూ చూశాడు.

"టోపీలంటే పగిడీలు చేస్త దొరా. బొట్లు పెడ్త. గా నడిమిట్ల పెద్దమనిషి ఉన్నడు సూడుండ్రి, గాయనతోనే తక్లీఫ్. గా టోపీ, గా గడ్డం, గా తస్బీ. ఏం చేసినా గాయన గాయన లెక్కనే కనవడ్తడు."

"తీసెయ్యి," అన్నారు నాన్న.

"తీసేస్తే ఆడ ఏం పెట్టాలె?"

నాన్న గది చుట్టూ చూశారు. గోడకానించి ఉన్న బాలీసు కనిపించింది.

"దిండు పెట్టు."

"ఏం రంగు?"

"ఎర్రది."

పెయింటర్ ఇంకా కదల్లేదు. "మరి గీళ్ళందరు దిండు దిక్కు జూసి వాహ్వా అంటున్నరు. ఇందరి తలకాయలు అటు తిప్పాల్నంటే నాతోని కాదు దొరా."

"తిప్పేది లేదు. ఉన్నట్టే ఉండనియ్యి."

కొత్త రంగు పట్టాలంటే పాతది పోవాలని ముందు కత్తితో గీకాడు. నల్లటి పొట్టు, తెల్లటి పొట్టు కింద పరిచిన పాత ధోవతి మీద రాలింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నా చూపంతా మా తాతగారి మీదే. టోపీ తీసి పగిడీ పెడితే ఆయన నుదురు చెడిపోతుందేమో, అదొక్కటే నా దిగులు. పెయింటర్‌కు రెండుసార్లు జాగ్రత్త చెప్పాను కూడా. అమ్మ గుమ్మంలో నిలబడి ఒకే మాట అడిగింది.

"ఆపా వస్తే ఏం చెప్తరు?"

"అప్పటి సంగతి అప్పుడు," అన్నారు నాన్న.

ఆ అప్పుడు ఎండాకాలంలో వచ్చింది. ఈలోగా మా పరిస్థితి ఇంకా దిగజారింది. ఊళ్ళో పొలాల మీద రాబడి అంతకుముందే ఆగిపోయింది. మా ఇంటి వెండి పళ్ళేలు చీరలో చుట్టి పెరటి గుమ్మం నుంచి బయటికి వెళ్ళడం మొదలైంది. ఆ మూటల గురించి ఇంట్లో ఎవరం ఎవరితోనూ మాట్లాడుకోలేదు. ఉర్సు అయిపోయింది. బయట రోజులు బాగోలేవు కాబట్టి ఫూఫీ ఈసారి ఇంత దూరం రావడానికి జంకుతారేమోనని అనుకున్నాం. అనుకున్నాం అంటే, అలా జరిగితే బాగుండునని కోరుకున్నాం.

ఫూఫీ వచ్చే రోజు నాన్న పొద్దున్నే బయలుదేరారు. చెప్పులు వేసుకుంటూ, నా వైపు చూడకుండా అన్నారు. "వస్తే అమ్మినమని చెప్పు. బాధపడ్తది, పోతది. అంతే."

జట్కా వచ్చింది. ఫూఫీ మెట్లెక్కడానికి నా భుజం పట్టుకున్నారు. ఏడాదిలో బాగా తగ్గిపోయారు.

"మీ అబ్బా ఏడి?"

"పని మీద పోయిన్రు ఫూఫీ."

"నేనొచ్చే దినమే పనివడ్డదా ఆయనకు. షాబాష్." నవ్వుతూనే కూర్చున్నారు. పటికబెల్లం మూట పళ్ళెంలో పెట్టారు. కళ్ళజోడు తీసి దుపట్టా చెంగుతో తుడుచుకున్నారు. "జెర పరదా తియ్యి బేటీ. కండ్లు సుత మునుపటి లెక్క లెవ్వు. ఇంక ఎన్ని ఏండ్లు చూస్తనో."

అమ్మేశామన్న మాట నా నాలుక చివరనే ఉంది. అది అంటే చాలు. ఆవిడ తండ్రి ముఖం ఎక్కడో, ఎవరి గోడ మీదో చెడకుండా ఉందనుకుని వెళ్ళిపోయేవారు. కానీ నాకు వెండి పళ్ళేలు గుర్తొచ్చాయి. దేశ్‌ముఖుల ఇంట్లో గోడ మీది తస్వీరు కూడా అమ్ముకున్నారన్న మాట సాయంత్రానికి మౌలాలి చేరుతుంది. మేం అమ్ముకుంటున్నామని మరొకరి నోట వినడం నావల్ల కాదు. అందుకని లేచి, వీపు నిటారుగా పెట్టుకుని, పరదా తాడు లాగాను. నిజం దాచకూడదని తీశానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది కాదు కారణం.

ఫూఫీ చూశారు. కళ్ళజోడు తీసి మళ్ళీ తుడిచి పెట్టుకుని చూశారు. అమ్మ షర్బత్ గ్లాసుతో గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

"ఎవరు చేసిన్రు?"

"పెయింటర్."

"పెయింటర్‌కు ఎవరు చెప్పిన్రు?"

నేను పరదా తాడు వేలికి చుట్టుకున్నాను.

"మీ అబ్బా భయపడ్డడా?"

అవునని చెప్పి ఉండవలసింది. "మా నాన్న ఎవరికీ భయపడరు," అన్నాను.

"అట్లనా." ఆవిడ తల ఊపారు. "భయపడ్డడంటే నాకు జెర నయమనిపిస్తుండె బేటీ. మేం సుత భయపడ్డం. నా కొడుకు రైల్వే డ్యూటీకి పోతే ఇంటికొచ్చేదాంక తలుపు కాడనే కూసుంటుంటి."

మళ్ళీ చిత్రం వైపు చూశారు. పెదవి చివర ఒక చిన్న నవ్వు వచ్చింది.

"మా అబ్బా దుబ్లా మనిషి, బక్కగుంటుండె. ఈ దిండు చూడు, ఎంత మంచిగ తిని బలిసిందో."

ఇప్పుడు లేచి వెళ్ళిపోతారనుకున్నాను. ఆవిడ ఇంకా సర్దుకుని కూర్చున్నారు.

"అబ్బా పోయినప్పుడు నేను మస్తు చిన్నగుంటి. ఆయన అసలు ముఖం నాకు యాదిలేదు. నాకు యాదున్నది ఈ తస్వీర్ల ముఖమే. ఏడాది అయ్యేవరకు మసక అయితుండె, ఈడికొస్తె మళ్ళ తాజా అయితుండె." నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు. "నువ్వు దినాం తుడిచినవ్ గద. నాకంటె నువ్వే ఎక్కువ చూసినవ్. నేను కండ్లు మూస్కుంట. చెప్పు, ఎట్లుండె?"

నిజంగానే కళ్ళు మూసుకున్నారు.

నేను మొదలుపెట్టాను. "నల్ల షేర్వాణీ. ఎత్తు టోపీ. తెల్లటి గడ్డం, ఛాతీ దాంక. ఎడమ చేతిల తస్బీ..."

"ముఖం చెప్పు బేటీ. ముక్కు ఎట్లుండె? నవ్వుతుండెనా, లేదా?"

వెతికాను. మా తాతగారి ముఖం గీత గీతా కనిపించింది. కుడి చెవి కింద పుట్టుమచ్చ, పక్కకు వాలిన మీసం, తెరిచిన నోట్లో మెరిసే పన్ను అన్నీ ఉన్నాయి. పక్కనున్న మనిషి దగ్గరికి వచ్చేసరికి టోపీ, గడ్డం, తస్బీ. వాటి నడుమ ఏమీ లేదు. అన్నేళ్ళు రోజూ ఆ ముఖం మీద గుడ్డ ఆడించాను, ఒక్కరోజూ దాన్ని చూడలేదు. పెయింటర్ వేలు పెట్టి చూపించిన ఆ మూడే నాకూ తెలుసు. నవ్వుతున్నారని అనేద్దామనుకున్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని, తల కాస్త నా వైపు వంచి ఎదురుచూస్తున్నారు. ఆ ముఖం ముందు అబద్ధం రాలేదు.

"యాది లేదు ఫూఫీ."

ఆవిడ కళ్ళు తెరిచారు.

"టోపీ, గడ్డం, తస్బీ," అన్నారు మెల్లగా. "అవి అందరికీ ఉంటయి బేటీ."

అమ్మ అప్పుడు లోపలికి వచ్చి గ్లాసు అందించింది. ఆవిడకని విడిగా ఉంచిన గ్లాసే. ఫూఫీ ఎప్పటిలాగే చివరి చుక్క దాకా తాగి, చాలా బాగుందని అమ్మతో అన్నారు. మెట్లు దిగేటప్పుడు నా భుజం పట్టుకోలేదు, గోడ పట్టుకుని దిగారు. జట్కా ఎక్కాక, "మీ అబ్బాకు సలాం చెప్పు," అన్నారు.

సాయంత్రం నాన్న వచ్చారు. "ఏం చెప్పినవ్?"

"చూపించిన."

"అమ్మినమంటే అయిపోతుండె గద."

"మనం అమ్ముకుంటమా?" అన్నాను.

నాన్న నా వైపు చూసి, పెరటి గుమ్మం వైపు చూసి, తల దించుకున్నారు. ఆయన తల దించడం నేను చూడటం అదే మొదటిసారి. ఆ మాట ఆయన నేర్పినదే.

మరుసటి ఏడు ఉర్సు అయ్యాక అమ్మ ఎవరూ చెప్పకుండానే దివాన్‌ఖానా ఊడ్పించి, గ్లాసు తోమి పెట్టింది. జట్కా రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. ఫూఫీ ఇంకొన్నేళ్ళు బతికే ఉన్నారని, కళ్ళు పూర్తిగా పోయాయని తెలిసింది. మౌలాలి ఎంత దూరమని. అన్ని ఏళ్ళు ఆవిడే మా ఇంటికి వచ్చారు కానీ మేం ఆ గడప ఎన్నడూ తొక్కలేదు. వెళ్తే నాకు తీసుకెళ్ళడానికి ఏముంది, చెప్పడానికి ఏముంది. ఒకసారి టర్పెంటైన్‌తో దిండు మూల తుడిచి చూశాను. ఎర్ర రంగు గుడ్డకు అంటింది. దాని కింద ఒట్టి కాన్వాసు కనిపించింది.

ఇల్లు పోయినప్పుడు ఈ చిత్రాన్ని కొంటామని వచ్చినవాళ్ళున్నారు. ఇవ్వలేదు. పరదా మాత్రం తీసేశాను. ఇప్పుడు పొద్దున్నే గుడ్డ తీసుకుని దాని ముందు నిలబడి ఒక్కొక్క ముఖం చూస్తూ తుడుస్తాను. కుడి చివరాయనకు కనుబొమ్మలు కలిసి ఉంటాయి. ఆయన పక్కనున్న కుర్రవాడికి గడ్డం మీద గాటు ఉంది, వాహ్వా అంటూనే నిద్ర ఆపుకుంటున్నట్టు ఉంటాడు. వాళ్ళందరి ముఖాలూ కళ్ళు మూసుకుని చెప్పగలను. వాళ్ళ కోసం ఎవరూ రాలేదు.