కీలక నామ సంవత్సరపు ఆఖరి ఆకు

పుష్యమాసం, మంగళవారం. ఉదయం ఆరూ ఇరవైకి విశాఖపట్నం బస్టాండులో చోడవరం బస్సు ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది.

నలభై ఏళ్ళ పైమాటే. చోడవరంలో బడిపంతులుగా ఉండగా జనాభా లెక్కలకని దేవరాపల్లి దారిలో ఒక పల్లెకు వెళ్ళాను. అక్కడ ఒక రైతు ఇంట్లో పన్నెండు తాటాకుల కట్ట చూశాను. మొదటి ఆకు మీద కీలక నామ సంవత్సరమని ఉంది. ఆ ఇంటి తరాలు లెక్కవేస్తే పద్దెనిమిదో శతాబ్దం చివరికి తేలింది. రాసినాయన వాళ్ళ పూర్వికుడే. పురిటికి పుట్టింటికి వెళ్ళిన భార్యను తలచుకుంటూ నెలకొక ఆకు, దాని మీద పున్నమికొక పద్యం, అమావాస్యకొకటి. ఆషాఢం దాకా డైరీలో ఎక్కించుకునేసరికి బస్సు వేళయింది. ఆషాఢానికి ఆమె రాలేదు, కబురూ రాలేదు. ఆ వేసవిలోనే నాకు బదిలీ అయింది.

నా భార్యకు ఆ ఎనిమిది పద్యాలూ కంఠస్థం. ఏటా తొలి వానలకు, "ఇంతకీ ఆవిడ వచ్చిందాండీ?" అని అడిగేది. వెళ్ళి చూసొద్దాం అంటూనే కాలం గడిపాను. మా ఆవిడ పోయి రెండేళ్ళయింది.

సబ్బవరం దగ్గర ఒక చెరకు రైతు పక్కన కూర్చున్నాడు. సంగతి విని నవ్వాడు. "తాటాకులింకా ఉంటాయేటండీ? మా ఇంట్లోవి మా మామ్మ పొయ్యిలో ఎట్టీసింది."

ఎనిమిదీ పదికి చోడవరం. బస్టాండు ఎదుట ఇడ్లీ తిని, షేర్ ఆటోలో తొమ్మిదింటికి ఆ పల్లె చేరాను. ఇదే దారిన వెళ్ళేవారు మధ్యాహ్నంలోగా తిరుగు ఆటో చూసుకోవడం మంచిది, తరువాత దొరకడం కష్టం.

అప్పట్లో కొత్త కోడలుగా మజ్జిగ తెచ్చిచ్చిన అప్పలనరసమ్మే ఇప్పుడు ఆ ఇంటి పెద్ద. గుర్తుపట్టింది. కట్ట అడిగితే పూజగదిలోంచి గుడ్డలో చుట్టిన ఒకే ఒక ఆకు తెచ్చింది.

"మిగతావి?"

"మీరే కదా మేస్టారూ, ఇది బంగారం కంటే ఎక్కువ, బయటోళ్ళకి ఇవ్వొద్దని మా మావతో సెప్పేరు. బంగారం ఆడపిల్లలదే కదా. పెళ్ళయి ఎళ్ళిన పెతీ గుంటకీ ఒక్కో ఆకు పసుపు పెట్టెలో ఎట్టి పంపించేం."

పదకొండు మంది. రోలుగుంట, కె.కోటపాడు, ఇంకా ఎక్కడెక్కడో. ఈ ఆఖరి ఆకు మనవరాలిది, మాఘంలో పెళ్ళి. చదువుకోవచ్చు గానీ పట్టుకెళ్ళనివ్వనంది. ఆ పిల్ల గుమ్మంలో నిలబడి నవ్వుతోంది. "తాతగారూ, వందల ఏళ్ళనాటి పెళ్ళాం కోసం ఇంత దూరం వచ్చేరేటి?"

పసుపు పూతల కింద అక్షరాలు ఆనలేదు. అప్పలనరసమ్మ దీపం మసిలో నూనె చుక్క కలిపి రుద్ది, గుడ్డతో తుడిచింది. గీతల్లో నలుపు నిలిచింది.

ఫాల్గుణం. పున్నమి పద్యంలో చెరకు గానుగ, బెల్లం వాసన, అంతే. ఆమె పేరెత్తలేదు. అమావాస్యకు పద్యమే లేదు. ఒక్క వరుస వచనం: "ఈ రాత్రి పద్యం కుదరలేదు. బిడ్డ నిద్రపోనివ్వడం లేదు."

పైకి చదివాను. మనవరాలు నవ్వు ఆపి, "ఇంకోసారి సదవండి" అంది. మళ్ళీ చదివాను.

అన్నం పెట్టి పంపారు. రెండున్నరకు చోడవరంలో తిరుగు బస్సు. పదకొండు ఊళ్ళ పేర్లూ డైరీలో రాసుకున్నాను. శ్రావణం నుంచి మాఘం దాకా ఏడు నెలలు ఆయన ఎలా గడిపాడో, ఆమె ఏ నెలలో వచ్చిందో ఆ పసుపు పెట్టెల్లో ఉంది. అన్ని ఊళ్ళూ తిరిగే ఓపిక నాకుందో లేదో తెలియదు. వచ్చిందన్నది మాత్రం ఖాయం. ఇంటికెళ్ళగానే ఆ మాట మా ఆవిడకు ఎలా మొదలుపెట్టి చెప్పాలా అని, సబ్బవరం దాటేదాకా మనసులో మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను.